సముద్రం చూసి పోదామని

"ఈసారి చెల్లెల్ని కూడా తీసుకొచ్చావా తల్లీ?" వల బాగుచేస్తున్న ముసలాయన తలెత్తి అక్కని అడిగాడు.

చెల్లెలు ఉన్నచోటే నిలబడిపోయింది. కాసేపు సముద్రం చూసి పోదామని అక్క కారు ఈ పల్లెవైపు తిప్పి పావుగంట కూడా కాలేదు. ముసలాయన ముక్కూ, చెవులూ ఇంట్లో ఫోటోలో రోజూ చూసేవే. తన మూడో ఏట పడవ మునిగి పోయాడని అమ్మ చెప్పిన నాన్నవి.

"అమ్మతో గొడవపడి వచ్చేశాడే," అంది అక్క నెమ్మదిగా. "పోయాడని అమ్మే అందరికీ చెప్పింది."

"నీకెప్పట్నించి తెలుసు?"

"ఆరేళ్ళయింది. అప్పుడప్పుడూ వచ్చి చూసి పోతున్నాను. నీకు చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది."

"నాలుగేళ్ళ క్రితం నా పెళ్ళిలో, నాన్న ఉంటే బావుండేదని ఏడిస్తే నా కళ్ళు తుడిచింది నువ్వే కదక్కా."

అక్క దగ్గరికొచ్చింది. భుజం మీద చెయ్యి వేయబోతే చెల్లెలు పక్కకి తప్పుకుంది.

"నువ్వు వెళ్ళు. నేను బస్సులో వస్తాను."

"తిట్టాలనుంటే తిట్టు. నిన్నొక్కదాన్నే వదిలి ఎలా వెళ్ళను?"

"ఆరేళ్ళు నన్ను వదిలేగా వచ్చావు."

ముసలాయన వల పక్కకి జరిపి చాప మీద చోటిచ్చాడు. చెల్లెలు కూర్చుంది, అక్క వైపు వీపు పెట్టి.