నిమ్మకాయ దొర

"నిమ్మకాయ అంటే ఎవడికండీ కోపమొస్తుంది?" అన్నాడు ఆస్టిన్.

తెరమీద బొమ్మ ఆగి ఉంది. ఓడ డెక్ మీద ఒక అమెరికా నావికుడు ఇంగ్లీషు నావికుణ్ణి "లైమీ" అని పిలుస్తాడు. ఆ ఒక్క మాటకే ఇంగ్లీషువాడు కత్తి దూస్తాడు. తెలుగులో ఆ మాట దగ్గరే పొద్దుటినుంచి పని ముందుకు సాగడం లేదు.

ఫిల్మ్‌నగర్‌లోని ఆ డబ్బింగ్ థియేటర్ శారదాదేవిది. ఆస్టిన్ ఆ సీరియల్ కొన్న కంపెనీ మనిషి. ఈ మొదటి భాగం అతను ఒప్పుకుంటే సీజనంతా ఆమెకే. లేదంటే చెన్నైకి పోతుంది, ఆమె థియేటర్‌కి తాళం పడుతుంది. అందుకే శారదాదేవి విసుక్కోలేదు. బేరం తెగేదాకా విసుగుని లోపలే ఉంచుకోవాలని ఆమె లెక్క.

"విహారీ, ఆ పేరెలా వచ్చిందో ఆయనకి చెప్పు."

మాటలు రాసే విహారి ముందుకు జరిగాడు. "వాళ్ళ ఓడల్లో నెలల తరబడి కూరా పండూ ఉండేవి కావు సార్. చిగుళ్ళు వాచి, పళ్ళూడి చచ్చేవాళ్ళు. అది రాకుండా నావికులకి రోజూ నిమ్మరసం తాగించేవారు. అది చూసి అమెరికావాళ్ళు లైమీలని పేరు పెట్టారు. ఇలాంటి పేర్లు చాలావరకు తిండిలోంచి పుట్టినవే. జర్మన్లు పులిసిన క్యాబేజీ తింటారని క్రౌట్ అన్నారు. ఫ్రెంచివాళ్ళు కప్పలు తింటారని కప్పలే అనేశారు."

"అయితే తెలుగువాణ్ణి గోంగూరా అనాలా?"

"అననివ్వండి సార్, భోజనానికి పిలుస్తున్నారనుకుంటాం."

ఆస్టిన్ నవ్వలేదు. "పరంగివాడా అని పెట్టొచ్చుగా? పాతమాట, బరువుగా ఉంటుంది."

"అనేవాడు అమెరికావాడు సార్. వాడూ పరంగివాడే కదా! పైగా లైమీలో 'మీ' దగ్గర పెదాలు మూసుకుంటాయి. నిమ్మలోనూ అక్కడే మూసుకుంటాయి. కుట్టించినట్టు సరిపోయింది."

"పెదాలు సరిపోయాయి, కోపం సరిపోలేదు. నర్సయ్యగారినే అడగండి."

గాజు అవతల మైకు ముందు వెంకటనర్సయ్య నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళూ గేటు కాపలావాళ్ళకీ, ఆటోవాళ్ళకీ గొంతు ఇచ్చిన మనిషి. ఈ ఇంగ్లీషు నావికుడు అతనికి దొరికిన మొదటి పెద్ద వేషం. ఆ గొంతులో బరువు ఉందని శారదాదేవే పట్టుబట్టి పెట్టించింది.

"అన్నా, నిమ్మకాయ అంటే నీకు కోపమొచ్చిందా?" అని బల్లమీది ఎర్ర మీట నొక్కి అడిగి, మళ్ళీ నొక్కి ఆపేసింది.

"యాడి కోపమమ్మా!" అన్నాడు స్పీకర్లోంచి. "వాడు నిమ్మకాయ అంటుంటె నాకు నోట్ల నీళ్ళూరుతున్నయ్."

విహారి నవ్వాపుకున్నాడు. ఆస్టిన్ చేతులు కట్టుకున్నాడు. "విన్నారా? ఇది పేరే గానీ తిట్టు కాదు మేడం. నాకు తిట్టు కావాలి. లేకపోతే ఇంకో చోట చూసుకుంటాను."

ఇక్కడ తగ్గితే సీజను పోతుంది. శారదాదేవి లేచి గాజుకి వీపు పెట్టి నిలబడింది.

"సరుకుదేముంది ఆస్టిన్ గారూ, అమ్మేవాడి గొంతులో ఉంటుంది వ్యాపారం. తిట్టూ అంతే. ఏ తిండి పేరైనా తిట్టవుతుంది. చూస్తారా?"

"చూపించండి."

బల్లమీద నర్సయ్య అందరికోసం ఇంటినుంచి తెచ్చిన సర్వపిండి ఉంది, తెలంగాణ ఇళ్ళలో బియ్యప్పిండితో చేసే కారపు రొట్టె. ఆమె కళ్ళు దాని మీద ఆగాయి. వెనక బల్లమీద అరచెయ్యి మోపి, ఆస్టిన్ మీదికి వంగింది. మొహంలో మర్యాద ఒక్కసారిగా దిగిపోయింది.

"ఏరా సర్వపిండీ! తిన్న తిండి వాసన ఇంకా నోరొదల్లేదు, నీకు దొర వేషం కావాలా? దొర మాటలు నీ నోటికి ఎక్కువ, నీ మొహానికి మరీ ఎక్కువ. పక్కకి తప్పుకో, మనుషులొస్తున్నారు."

ఆస్టిన్ చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"మాది నరసాపురం మేడం. మా ఇళ్ళలో సర్వపిండి చెయ్యనే చెయ్యరు. అయినా ఎక్కడో కలుక్కుమంది."

"అదే నేను చెప్పేది." ఆమె చీర కొంగు సర్దుకుని మళ్ళీ మామూలు మనిషైపోయింది.

"సరే. నిమ్మకాయే ఉంచండి. ఆ అమెరికావాడి చేత ఇప్పుడు మీరన్నట్టే అనిపించండి. సీజను మీదే." ఆస్టిన్ చెయ్యి చాచాడు. "ఒకటే షరతు. నర్సయ్యగారి గొంతు మారకూడదు. మా ఆఫీసులో అందరూ ఆ గొంతు వినే ఒప్పుకున్నారు. ఆయన లేకపోతే ఒప్పందం లేదు."

"ఆయనెక్కడికి పోతాడండీ! మా ఇంటిమనిషి."

చెయ్యి కలిపింది. ఒక్క తిట్టు పెట్టుబడి, సీజనంతా రాబడి. ఇంత లాభసాటి బేరం ఈమధ్య చెయ్యలేదనుకుంటూ గాజువైపు తిరిగింది.

మైకు ముందు ఎవరూ లేరు. హెడ్‌ఫోన్లు స్టాండుకి వేలాడుతున్నాయి.

"టీ కోసం వెళ్ళుంటారు" అన్నాడు విహారి.

గాజు అవతలి మసక చీకట్లో ఏ మూలనైనా కూర్చున్నాడేమో, పిలుద్దామనుకుంది శారదాదేవి. ఇవతలి మాట ఆ గదిలోకి వినబడాలంటే బల్లమీది ఎర్ర మీట నొక్కాలి. చెయ్యి చాచింది.

ఇందాక తను అరచెయ్యి మోపిన చోట ఆ మీట నొక్కుకునే ఉంది.