నీలం సీసాలు

"నీలం సీసాలు ఎన్నున్నాయమ్మా?"

కొట్టు షట్టరు ఇంకా సగమైనా లేవలేదు. దాని కింద ముందుగా ఆయన చెప్పులు కనిపించాయి, తరవాత ఖాళీ సంచి.

కొట్టావిడ అర వైపు చూసింది. ఊళ్లో ఈ ఒక్క కొట్లోనే దొరికే బాత్రూం కడిగే మందు సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి.

"ఏడెనిమిది ఉంటాయి బాబాయి గారూ. మీకెన్ని కావాలి?"

"అన్నీ ఇచ్చేయమ్మా."

పోయినసారీ అంతే. అంతకు ముందూ అంతే. సబ్బుబిళ్ల అడగడు, అగ్గిపెట్టె అడగడు. ఆ సీసాలు తప్ప ఇంకో వస్తువు వైపు కన్నెత్తి చూడడు.

"మీది పెద్ద ఇల్లేమో," అంది ఆమె, సంచిలో సర్దుతూ.

"ఒక్క గదమ్మా. నేనొక్కణ్ణే."

చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుని వెళ్లిపోయాడు.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అత్తగారు మెడ సాగదీసి, వీధి మలుపు దాకా ఆయన్ని చూపులతోనే సాగనంపింది.

"ఒక్క గదికి అన్ని సీసాలా? వీడి వాలకం నాకేం నచ్చలేదే అమ్మాయ్."

"శుభ్రం ఎక్కువేమోలే అత్తయ్యా."

"అంత శుభ్రం మనిషైతే ఆ చొక్కా కాలరేంటి అలా ఉంది? నగలకి మెరుగు పెడతామని ఇంటింటికీ తిరిగి, బంగారం కరిగించుకుపోయే రకం అయ్యుంటాడు."

కోడలు నవ్వేసింది. కానీ ఆ మాట బుర్ర తొలుస్తూనే ఉంది. ఆ సాయంత్రం మెళ్లో గొలుసు రెండు మూడుసార్లు తడిమి చూసుకుంది.

పాలు పోసేవాణ్ణి ఆరా తీస్తే, దర్జీ ఇంటి వెనక గదిలో అద్దెకుంటున్నాడని తెలిసింది. ఎవరినీ లోపలికి రానివ్వడట. బయటికెళితే గదికి రెండు తాళాలు వేస్తాడట.

"రెండు తాళాలా," అంది అత్తగారు. ఆవిడకి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

మళ్లీ వచ్చినప్పుడు ఆయన వెంటనే కదల్లేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట అడగనా అమ్మా? ఈ సరుకు తెప్పించడం మానేయకూడదూ? దీని బదులు మామూలు సబ్బు పొడి పెట్టు. వంటసోడా, నిమ్మ ఉప్పు పెట్టు. కాస్త ఎక్కువ రుద్దాలి, అంతే. ఇది మూసిన గదిలో వాడితే మంచిది కాదు. ఇంకోదాంతో కలిపితే మరీ ప్రమాదం."

"అంత చెడ్డదైతే మీరెందుకు కొంటున్నారు?"

ఆయన సంచి తీసుకుని తల వంచుకుని వెళ్లిపోయాడు.

"చూశావా, మాట రాలేదు," అంది అత్తగారు.

ఈసారి కోడలికీ అనుమానం గట్టిపడింది. కాకపోతే ఆమె లెక్క వేరు.

"బంగారం కాదు అత్తయ్యా. ఇంకో కంపెనీవాళ్ల మనిషి. మన దగ్గర ఇది దొరక్కుండా చేసి, వాళ్ల సరుకు అంటగడదామని వచ్చాడు. మన బేరానికి ఎసరు పెడుతున్నాడు."

ఆయన కంట పడకుండా మిగతా బేరాలకి అమ్ముకుందామని, కొత్తగా వచ్చిన సీసాల అట్టపెట్టెని విప్పకుండానే బియ్యం బస్తాల వెనక్కి తోసేసింది. అరలో ఆ జాగా ఖాళీగా వదిలేసింది.

ఆయన వచ్చాడు. ఖాళీ అర చూసి ఆగిపోయాడు.

"లేవామ్మా?"

"లేవు. ఇక తెప్పించం కూడా."

"నిజంగానా?"

"అబద్ధమాడి నాకేం వస్తుంది?"

అన్నాళ్లలో మొదటిసారి ఆయన నవ్వాడు. చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం ఆమెకి ఎబ్బెట్టుగా తోచింది. పని జరిగిందని సంబరపడుతున్నాడు, దొంగవేషాలు, అనుకుంది.

రెండ్రోజులు పోయాక అత్తగారికి స్నానాల గది గచ్చు మీద నల్లమరకలు కనిపించాయి. కోడలు కొట్లో బేరాల్లో ఉంది. ఆవిడే బస్తాల వెనకనుంచి ఒక సీసా తీసుకెళ్లింది. సగం ఒంపింది. మరక వదల్లేదు. పైన గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ కూడా జల్లి, నీళ్లు వసారాలోకి పారకుండా తలుపు దగ్గరగా వేసుకుని చీపురు పట్టింది.

దగ్గు విని కోడలు పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ గోడకి జారగిలబడి ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. ఊపిరి లోపలికి పోవడం లేదు.

"రెండూ కలిపారా?" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "కలిస్తే విషవాయువమ్మా అది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవారు కాదు."

అత్తగారు దక్కింది. కానీ వీధి చివరికి వినపడే ఆ గొంతు కాస్తా, మంచం పక్కన కూర్చుంటే తప్ప అందని గొంతయిపోయింది.

కొట్టావిడ ఆసుపత్రినుంచి తిన్నగా దర్జీ ఇంటికి వెళ్లింది. ఏమని చెప్పుకోవాలో దారిపొడుగునా వెతుక్కుంటూనే ఉంది.

వెనక గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఏమీ లేదు.

"నిన్ననే ఖాళీ చేశాడమ్మా," అన్నాడు దర్జీ, మిషను ఆపి. "ఈ ఊళ్లో ఇక ఆ సీసాలు అమ్మరట. ఎవరో కొట్టావిడ మాటిచ్చిందని తెగ పొంగిపోయాడు. ఇంకో ఊరు వెళ్లాలన్నాడు."

"ఏ ఊరు?"

"చెప్పలేదమ్మా."

"మరి కొన్న సీసాలు?"

"ఒక్కదాని మూత తీసిన పాపాన పోలేదు. గది నిండా పేర్చి, తాళాలేసి కాపలా కాశాడు. వెళ్లేముందు రసాయనాల చెత్త పట్టుకెళ్లే బండిని పిలిచి అన్నీ ఎక్కించేశాడు."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఇంతకీ ఎవరాయన?"

దర్జీ సూదిలో దారం ఎక్కిస్తూ నెమ్మదిగా చెప్పాడు.

"ఆ సీసాలో మందు కనిపెట్టిందే ఆయనమ్మా. దాన్ని ఆపేయమని కంపెనీవాళ్లని ఎన్నోసార్లు బతిమాలాడట, వాళ్లు వినకపోయేసరికి ఉద్యోగం వదిలేసి, ఇలా ఊరూరా తిరుగుతూ దొరికినవన్నీ తనే కొనేస్తున్నాడు."