దాలమ్మ కట్టిన తాడు

“ఒరే భీముడా, గద పారేసి పార పట్టీసినావేటిరా?”

నాటకాల మేళం పెద్ద నరసింగరావు ఎకసెక్కెం ఆడినా, భీముడి వేషం కట్టే సోములు ఆగలేదు. “నవ్వకు మావా, ముందు గొయ్యి తీసుకోనీ,” అంటూ పొలంలోకి పరిగెత్తాడు.

రాజాం దారిలో మేళం బండి ఇరుసు విరిగింది. దగ్గరి ఊళ్ళో చెరువుగట్టు పాడుచేశారని వాళ్ళను తరిమేశారు. దాలమ్మ మాత్రం తన మెట్టపొలంలో దిగమంది. ఒకటే షరతు. చెంబు పట్టుకెళ్ళినవాళ్ళు ఆవిడ కట్టిన తాడు వెంబడే గొయ్యి తీసి కూర్చోవాలి, లేచాక మట్టి కప్పాలి. తాడు రోజూ కాస్త ముందుకు జరుగుతుంది.

“నా పద్దేనికి పడిపోయి ఉత్తినే మకాం ఇచ్చీసినాది. ఇంకో నాలుగ్రోజులు అడుగుతాను సూడు,” అన్నాడు నరసింగరావు. ఇరుసు ఇంకా తయారవలేదు. ఆవిడ కాదంటే పద్దెనిమిది మందీ రోడ్డున పడతారు.

ఆ మాట వింటూనే దాలమ్మ అంబలి కుండతో వచ్చింది. ఆయన చెయ్యెత్తి రాగం అందుకున్నాడు.

“ఆపు బావా. నాలుగ్రోజులేటి, నెల్లాళ్ళుండండి. ఇంకా సగం పొలమే అయినాది.”

“ఏటి సగం?”

“ఈ ఏడు పొలంలో మంద కట్టడానికి గొర్రిలోళ్ళు రానేదు. ఎరువూ గత్తం నేక పంటెలాగని ఏడుస్తంటే, దేవుళ్ళలాగ మీరొచ్చినారు.”

అవతల సోములు పార వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. నరసింగరావు ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు.

దాలమ్మ ఆయన గిన్నె నిండా అంబలి పోసింది.

“రేపట్నుంచి పద్దేలు తగ్గించి, తిండి పెంచు బావా.”