ఎవరూ నొక్కని బెల్లు

"గీ బెల్లు దానంతట అదే మోగుతున్నది. బాగు జేస్తరా, పారెయ్యమంటరా?"

అండాలు కాలింగ్ బెల్లును బటన్‌తో, వైర్లతో సహా కౌంటర్ మీద పెట్టింది. కురవి నుంచి మానుకోట దాకా బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చింది.

ఎలక్ట్రికల్ దుకాణం గోవర్ధన్ ఆమె మొహం ఒకసారి, బెల్లు ఒకసారి చూశాడు. చెడిపోయిన సామానుతో వచ్చిన మనిషి కొత్త సామాను కొనకుండా వెళ్తే అది అతని లెక్కలో నష్టమే.

"ఎప్పుడు మోగుతదక్కా?"

"రోజూ పొద్దుగూకంగ. ఒక్కపారే టింగుమంటది. ఉరికిపోయి తలుపు తీస్త. వాకిట్ల పిట్ట గూడ ఉండదు."

"పోరగాండ్లు నొక్కి ఉరుకుతున్నరేమో."

"మా గల్లీ పోరగాండ్లు గా యాళ్లకు ట్యూషన్ల ఉంటరు. మా ఆయన వోల్టేజంటడు. బావుల కాడ మోటర్లన్నీ బందు కాంగనే ఇండ్లల్ల కరెంటు ఎక్కువై మోగుతదట."

"మీ ఆయన చెప్పింది సరైన మాట. స్టెబిలైజర్ పెట్టుకోరి, ఇగ మనిషి నొక్కితె తప్ప మోగదు."

"గదే గావాలె నాకు." అండాలు గొంతు తగ్గింది. "మోగినప్పుడల్ల మా బిడ్డ కళ్యాణి వచ్చిందనుకుంటున్న."

స్టెబిలైజర్ డబ్బా కోసం చాచిన గోవర్ధన్ చెయ్యి ఆగింది.

"గుడిల పెండ్లి చేసుకున్నది. మేం పోలే, ఆ పిలగాని మొహం గూడ చూడలే. వాళ్ల నాయిన గడప తొక్కొద్దన్నడు. ఫోను ఆయన జేబులనే ఉంటది. నాకు మిగిలింది గీ బెల్లొక్కటే, అది గూడ అబద్ధం మోగబట్టె."

ఎదుటి మనిషి దుఃఖానికి దుకాణంలో సరుకు ఉండదు. గోవర్ధన్ బెల్లును లోపల బల్ల దగ్గర కూర్చున్న మెకానిక్ ముందుకు తోశాడు.

"తమ్మీ, జల్ది చూడు. మళ్ల పొద్దుగూకితె నువ్వు దొరకవు." అండాలు వైపు తిరిగి, "పని మంచిగ చేస్తడక్కా. సాయంత్రమైతే చాలు, బండి తీసి మాయమైతడు. అదేం గిరాకీనో మరి," అన్నాడు.

మెకానిక్ తల ఎత్తకుండానే బెల్లు విప్పి, వోల్టేజీ పెంచే డబ్బాకు తగిలించి, మెల్లగా చక్రం తిప్పాడు. పక్కనున్న బల్బు వెలుగు తెల్లగా పెరిగింది. డబ్బా గుయ్యిమంది. బెల్లు మాత్రం ఊరుకుంది. ఇంకా తిప్పాడు. అయినా ఉలకలేదు.

"మోగుతలేదేంది బిడ్డా?"

అతను టెస్టర్ మొనతో లోపల బియ్యపు గింజంత గాజు ముక్కను చూపించాడు. "దీన్ని జెనర్ అంటరమ్మా. బయట కరెంటు ఎంత ఎగిరినా, ఇది లోపలికి హద్దు దాటనియ్యదు. ఎక్కువైంది పక్కకు మళ్లిస్తది. దీంట్ల అన్నీ మంచిగనే ఉన్నయి."

"గసొంటిదొకటి నా పానానికి గూడ పెట్టు. తట్టుకుంటలేను."

గోవర్ధన్ అండాలుకు కనబడకుండా మెకానిక్‌కు సైగ చేశాడు: బెల్లు పోయిందని చెప్పు. మెకానిక్ చూసీ చూడనట్టే బటన్ నొక్కాడు.

టింగ్!

అండాలు ఉలిక్కిపడి దుకాణం గుమ్మం వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. సిగ్గుపడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"నొక్కితేనే మోగుతదమ్మా. స్టెబిలైజర్ అక్కర్లేదు," అన్నాడు మెకానిక్.

చేతికందిన బేరాన్ని తన దుకాణంలోని మనిషే చెడగొట్టడం గోవర్ధన్ మొదటిసారి చూశాడు. "పెద్ద ధర్మాత్ముడివి దొరికినవు," అని గొణిగాడు.

"అయితే ఎవరో నాతోని ఆట ఆడుతున్నరు," అంది అండాలు. "మా ఆయన బెల్లు పీకెయ్యమంటె ఇన్నొద్దులు నేనే వద్దన్న. ఇగ చాలు. ఖాళీ వాకిలి చూసుడు నాతోని కాదు. సేటూ, ఇది నువ్వే ఉంచుకో."

ఆమె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని దుకాణం మెట్టు దిగింది.

మెకానిక్ స్టూలు కింద పడేంత జోరుగా లేచాడు. బెల్లు పట్టుకొని ఆమె వెనకాలే ఉరికాడు. ఆమె చేతుల్లో పెట్టి, ఆ చేతులను వదలకుండా అన్నాడు:

"దీన్ని పీకెయ్యకున్రి, అత్తమ్మా... నొక్కేది నేనే, మీరు తలుపు తీసి నిలబడ్డ గా జరంతసేపు మిమ్ములను చూసుకుందామని, కళ్యాణి మూలమలుపు కాడ నా బండి మీద కూసుంటది."