గులాబీ కుందేలు

ఆ బొమ్మ నవ్వు మొహం, దాని చిట్టి నోరు చూస్తుంటేనే పాకం ఎక్కువ తాగినట్టు వెగటుగా ఉంది, అయినా నలభై ఏళ్ల మనిషికి ఇదేం వేషం అనుకున్నాడు కొండల్. కాటేదాన్ ఫ్యాక్టరీ తరఫున శిక్షణకు జపాన్ వెళ్లొచ్చిన అతని భార్య శోభ, ఎయిర్‌పోర్టు బయట గులాబీరంగు కుందేలు బొమ్మను చంకనేసుకుని నిలబడింది.

“అందరు చూస్తున్నరు. జర బ్యాగుల పెట్టు.”

“అక్కడ ముసలోళ్లు గూడ సంచులకు బొమ్మలు తగిలించుకుంటరు. ఎవ్వరు నవ్వరు.”

“నీకు సిగ్గనిపియ్యలే?”

“మొదట అనిపించింది. చిన్నప్పుడు నా చంకల ఎప్పుడు తమ్ముడే ఉండె. బొమ్మనెత్తుకునుడు గిదే మొదలు.”

కొండల్‌కు వెగటు పోలేదు. అది బొమ్మ మీదో, తన మీదో మాత్రం తెలియలేదు. ఆమె కంటికొసన చెదిరిన కాటుకను వేలితో తీసి, కుందేలు చెంపకు దిష్టిచుక్క పెట్టాడు.