పట్టుబడని పాఠం

“ది లిఫ్ట్ గో అప్,” అన్నాడు మెకానిక్.

మంచం మీద మాస్టారు మోచేతులు ఆనించి లేచారు. మెడ నరాలు పొంగాయి.

“లిఫ్టులు ఎన్నిరా?”

“ఒకటేనండి.”

“ఒకటైతే క్రియ చివర ఏం తగిలించాలి?”

మెకానిక్ తల గోక్కున్నాడు. గోళ్ల సందుల్లో గ్రీజు. “ఎస్సండి.”

“మరి తగిలించు!”

“ది లిఫ్ట్స్ గో అప్.”

“క్రియకురా, లిఫ్టుకు కాదు! వాడు వస్తాడు, వాళ్లు వస్తారు అనవూ? ‘వాళ్లు వస్తాడు’ అంటే మీ ఆవిడైనా నవ్వదా? ఇదీ అంతే. ఒకటైతే గోస్, ఎక్కువైతే గో. సరే, లిఫ్టు తాళ్లు చెప్పు. నాలుగున్నాయి కదా?”

“ఉన్నాయండి. ది రోప్స్ పుల్స్.”

మాస్టారు దిండును గుద్దారు. “ఆ ఎస్ నీకేం అపకారం చేసిందిరా? ఉండాల్సిన చోట ఉండనివ్వవు, అక్కర్లేని చోట దూరుస్తావు!”

దగ్గు ముంచుకొచ్చింది. మాస్టారి అక్కగారు వంటింట్లోంచి పరుగున వచ్చి తమ్ముడి వీపు రాసింది. చూపు మాత్రం మెకానిక్ మీదే. ఆ చూపుకు పచ్చి పాలు విరిగిపోతాయి.

వాడు ఆ భవనంలో లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినవాడు. కంపెనీలో సూపర్‌వైజర్ కావాలంటే ఇంగ్లీషు పరీక్ష రాయాలట, కాస్త చెప్పించుకుందామని ఈ ఇంగ్లీషు మాస్టారి తలుపు తట్టాడు.

“డాక్టర్లే చేతులెత్తేశారు నాయనా,” అని ఆవిడ గుమ్మంలోనే చెప్పేసింది. “గోడవైపు తిరిగి పడుకున్నాడు. గుక్కెడు పాలు మింగడు, ఒక్క మాట మాట్లాడడు. వాడికిప్పుడు పాఠాలేమిటి?”

వాడు అప్పటికే లోపలికి తొంగిచూసి, “‘హీ గో ఆఫీస్’ అంటే తప్పాండీ?” అనేశాడు.

గోడవైపున్న మనిషి ఇటు తిరిగాడు. గంటసేపు వాణ్ణి తిట్టి, ఆ పూట తనే పాలు అడిగాడు.

“నా చేతికింద చదివి సున్నాగా మిగిలినవాడు లేడక్కా. ఈ ముక్క వీడి బుర్రకెక్కించందే నేను కదలను,” అన్నారు మాస్టారు.

అదిగో, అప్పట్నుంచీ అదే పాఠం. వానలు వెళ్లాయి, చలి వెళ్లింది. మెకానిక్ నీలం చొక్కా పోయి తెల్లచొక్కా వచ్చింది. జేబు మీద ఏదో ఇంగ్లీషులో కుట్టి ఉంది. అక్కగారికి ఆ అక్షరాలు రావు. పాఠం మాత్రం అంగుళం జరగలేదు.

“నీకంటే నీ చొక్కా నయం. అదైనా మారింది,” అంది ఆవిడ.

“కంపెనీ వాళ్లిచ్చారమ్మా.”

“గుడ్డివాడు విసిరినా పదింట ఒక రాయి తగులుతుంది. నీకు పొరపాటున కూడా ఒక్కటి ఒప్పు రాదేం?”

మెకానిక్ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఒకసారి ఆవిడ వాణ్ణి ఇక రావద్దని చెప్పేసింది. ఆ సాయంత్రం తమ్ముడు పాలగ్లాసు నెట్టేసి, “సున్నాగాడు రాలేదేం?” అని గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడే ఫోన్ చేసి పిలిచింది. తిట్టుకుంటూనే పిలిచింది.

ఎండలు ముదిరేసరికి రోగం ఎముకల్లోకి దిగింది. ఇంజెక్షన్ కాసేపే పనిచేసేది. దుప్పటి తగిలినా మాస్టారు కేక పెట్టేవారు.

“మా లెక్కకు ఆయన ఇన్నాళ్లు ఉండకూడదమ్మా. ఏ ఆశ పట్టుకుని ఉన్నారో,” అని నర్సు తల పంకించింది.

అంత బాధలోనూ మెకానిక్ గొంతు వినపడితే కళ్లు తెరిచేవారు. “చెప్పరా... లిఫ్టు...” వాడు తప్పు చెప్పేవాడు. ఆయన పళ్లు బిగించి దిద్దేవారు.

ఒకనాడు మధ్యాహ్నం అక్కగారు మెకానిక్‌ను గుమ్మంలోనే ఆపింది.

“నీకు దణ్ణం పెడతాను. నీ మూలానే వాడు ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నాడు. ఆ అరుపులు నేను వినలేను. ఆ ఒక్క ముక్క నేర్చుకుని చావరాదూ? వాణ్ణి కాస్త విశ్రాంతిగా పడుకోనివ్వరాదూ?”

మెకానిక్ చెప్పులు విడిచాడు. లోపల్నుంచి కేక వినపడింది. ఇంకోటి వినపడింది.

“నిజంగానే నేర్చుకోమంటారామ్మా?”

“అదేగా మొత్తుకుంటున్నాను!”

వాడు లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ లేనిది మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు.

“ది లిఫ్ట్ గోస్ అప్, మాస్టారూ. ది రోప్స్ పుల్.”

మాస్టారి కళ్లు పెద్దవయ్యాయి. “మళ్లీ?”

“ది డోర్ ఓపెన్స్. ది మెన్ వెయిట్. మై మాస్టర్ టీచెస్. హిజ్ స్టూడెంట్స్ లెర్న్.”

ఒక్కటీ తప్పు పోలేదు. మాస్టారి ఎండిన పెదాలు సాగాయి. నవ్వి ఎన్నాళ్లయిందో, ముఖానికే కొత్తగా ఉంది.

“అక్కా, వచ్చేసిందే వీడికి! విన్నావా?” అన్నారు. తర్వాత మెకానిక్ చేతిని మెల్లగా వదిలేశారు. “ఇంక నీకు నాతో పనిలేదురా. వెళ్లు.”

ఆయన గోడవైపు తిరిగారు. అక్కగారు కళ్లు తుడుచుకుని, హమ్మయ్య అనుకుంటూ పాలు కాచడానికి వెళ్లింది. పాలు పొంగేలోపే మాస్టారు పోయారు.

పెద్దకర్మ అయ్యాక అందరూ వెళ్లిపోయారు. మెకానిక్ ఒక్కడే చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆవిడ వాణ్ణి చూసి విసవిసా గుమ్మంలోకి వచ్చింది.

“ఇన్నాళ్లూ రానిది ఆవేళ ఒక్కసారిగా ఎలా ఊడిపడిందిరా, పాపిష్టివాడా?”

మెకానిక్ తల ఎత్తలేదు.

“మొదటిరోజే వచ్చిందమ్మా.”