మూతికి గుడ్డ కట్టుకున్నాయన

"చదువు!" అన్నాడు శంకరప్ప సారు.

జహీరా లేచి పుస్తకంలోకి చూసింది.

అక్షరాలు చేపపిల్లల్లా అటొకటి ఇటొకటి ఉరికాయి. బొమ్మలో ఆవు మాత్రం కదలకుండా నిలబడింది.

"ఆవుకు ఆకలైంది సార్. వాళ్ళమ్మకు చెప్పింది. వాళ్ళమ్మ రేపు పెడతనన్నది."

తరగతి గొల్లుమంది.

"గది ఏడ రాసున్నదే?"

"ఆవు మొకంల ఉంది సార్."

జహీరా నాలుగో తరగతి చదవడం ఇది రెండోసారి. సారుకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

"చదువు రానోళ్ళను వంతెన కింద ఏస్తరు, ఎరకేనా?"

నవ్వులు ఆగిపోయాయి.

ఊరి బయట వాగు మీద వంతెన కడుతున్నారు. స్తంభం నిలవాలంటే పిల్లల్ని బలివ్వాలట. తాండూరంతా అదే మాట.

ఆ సాయంత్రం బడి విడిచేసరికి ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నాడు. ఎండలో కూడా శాలువా కప్పుకున్నాడు. ముక్కూ మూతీ కనబడకుండా గుడ్డ కట్టుకున్నాడు. చంకలో రేకు పెట్టె.

"మీలల్ల చదువు రాని పిల్ల ఎవరు?" అని అడిగాడు, దూరం నుంచే.

"అగో, గామెనే!" అని చెయ్యి చూపించి తోటి పిల్లాడు నర్సింహులు పారిపోయాడు.

"నువ్వేనా బిడ్డా జహీరాబీవి?"

తన పేరు అతని నోట వినగానే జహీరా వెనక్కి చూడకుండా ఉరికింది.

ఆ రాత్రి వాడలో పిల్లలందరూ గొంతు చించుకుని చదివారు. తల్లులు ఆశ్చర్యపోయారు. జహీరా పుస్తకం తలకిందులుగా పట్టుకుని అందరికంటే గట్టిగా అరిచింది.

తెల్లారి అతను వాళ్ళింటికే వచ్చాడు.

"ముర్తుజా ఇల్లు గిదేనా అమ్మా?"

జహీరా తల్లి అమీనాబీ ఆ గుడ్డను చూసి, తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

ఆదివారం నాడు జహీరా తన అబ్బా ముర్తుజాకు రొట్టెలు తీసుకుని బండల గనికి బయల్దేరింది. దారిలో షాబాదు బండల దొంతర మీద అతను కూర్చుని ఉన్నాడు.

పరుగెత్తాలనుకుంది. చేతిలో అబ్బా రొట్టెలు చూసుకుని ఆగింది.

"ఆడనే నిలబడు బిడ్డా. నా దగ్గరికి రాకు."

చేతికర్రతో పెట్టెను మెల్లగా ఆమె ముందుకు నెట్టాడు.

"తెరువు."

కత్తే ఉంటుందనుకుంది. లోపల చెక్క ముక్కలు. ఒక్కో ముక్క మీద గరుకు కాయితంతో కత్తిరించి అంటించిన అక్షరం.

"కండ్లు మూసుకో."

"చంపుతవా?"

అతను గుడ్డలోపలే నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపటికి గాని ఆగలేదు.

"కండ్లు మూసుకుంటె అక్షరాలు ఉరకవు. ఏలు పెట్టి చూడు."

జహీరా వేలు పెట్టింది. గరుకుగా తగిలింది. వంపు తిరిగింది. మళ్ళీ వంపు తిరిగింది. ఎటూ పోలేదు.

"జ!"

"ఇంకోటి తీస్కో."

"డ!... జడ! నా జడ!"

కళ్ళు తెరిచి ఎగిరి గంతేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చదివిన మొదటి మాట.

"చిన్నగున్నప్పుడు నాకు సుత గిట్లనే ఉరుకుతుండె," అన్నాడతను.

ఆమె అరుపు గని దాకా వినిపించింది.

గడ్డపారలతో మనుషులు ఉరికొచ్చారు. అందరికంటే ముందు ముర్తుజా.

"అబ్బా! జడ! జడ!" అంటూ సంతోషంతో ఎదురెళ్ళింది జహీరా.

ముర్తుజాకు కళ్ళు ఎర్రబడ్డాయి.

"నా బిడ్డ జడ పట్టినవారా!"

"ము... ముర్తుజా..." అన్నాడతను. మిగతా మాట దగ్గులో కలిసిపోయింది.

"నా పేరు సుత ఎరకేనా నీకు!"

మొదటి దెబ్బ ముర్తుజాదే. తర్వాతివి ఎవరివో ఎవరికీ తెలియదు. రేకు పెట్టె పాత గని నీళ్ళలో బుడబుడమంటూ మునిగింది. "కొట్టకండ్రి" అని జహీరా ఏడుస్తోంటే, పిల్ల జడుసుకుందని ఎవరో ఎత్తుకుపోయారు.

వాన మొదలైంది. తడిసిన శాలువాతోనే అతన్ని స్టేషన్‌కు ఈడ్చుకెళ్ళి, వికారాబాదు బండిలోకి నెట్టారు.

"మళ్ల కనవడితె చంపుతం!"

అతను కిటికీలోంచి జహీరా కోసం వెతుక్కున్నాడు. ముర్తుజాకు అది చూసి ఒళ్ళు జలదరించింది.

మర్నాడు తరగతిలో జహీరా కళ్ళు మూసుకుని, నేల మీది బండ మీద వేలితో రాసింది. జ. డ. తర్వాతది ఎలా ఉంటుందో తెలియలేదు. నున్నటి బండ మీద వేలు అక్కడే ఆగిపోయింది.

మరో ఆదివారం పక్కింటి సంతోషమ్మ వచ్చింది. ఆమె వికారాబాదులో, గుట్ట మీది క్షయ దవాఖానలో ఆయా. నెలకోసారి ఇంటికొస్తుంది.

వస్తూనే ముర్తుజా గడపలో కూలబడింది.

"మత్తయ్య సారు పోయిండు తమ్మీ. తడిసొచ్చిండు, మళ్ల లేవనేలేదు. ఎవలో కొట్టిన్రట. ఎవలని అడిగితె చెప్పనే లేదు."

"మత్తయ్య సారు ఎవలక్కా?" అన్నాడు ముర్తుజా.

సంతోషమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అతని మొహంలోకి చూసింది.

"గదేంది తమ్మీ, 'నా బిడ్డకు అక్షరాలు నిలుస్తలెవ్వు, నేర్పెటోళ్ళు ఎవలన్న ఉంటె నీ కాళ్ళు మొక్కుత, తోలియ్యక్కా' అని బక్రీదునాడు నువ్వు ఏడిస్తివని నేను చెప్తె, మంచం దిగొద్దన్న డాక్టరు మాట సుత ఇనకుండ, పిల్లకు తన రోగం అంటొద్దని మూతికి గుడ్డ కట్టుకొని నీ ఇల్లు దేవులాడుకుంట వచ్చిన పంతులు గాయనే గద!"